మాట్లాడకుండా బతుకుతోనే సాక్ష్యం ఇవ్వొచ్చా? పలాస జీడి ఫ్యాక్టరీ నుంచి అడుగుతున్నాను

ఉద్దానం_పిల్ల:

అందరికీ వందనాలు. ఇక్కడ మా జిల్లా వాళ్ళు, పాస్టర్ గార్లు, పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారని అడుగుతున్నాను, కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నేను పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో ఎకౌంట్స్ చూస్తాను. ఆఫీసు స్టాఫ్‌లో క్రిస్టియన్‌ని నేనొక్కదాన్నే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆదివారం రానని తెలుసు, అంతవరకే. అంతకు మించి నా విశ్వాసం వల్ల వాళ్ళకి ఏటైనా మంచి జరిగిందా, నన్ను చూసి ఒక్కరికైనా యేసయ్య గురించి తెలుసుకోవాలనిపించిందా అంటే నా దగ్గర జవాబు లేదు, అదే నన్ను తినేస్తోంది.

మా సంఘంలో యూత్ లీడర్ అన్న ఏమంటారంటే రోజూ వాక్యం స్టేటస్ పెట్టాలి, ఆఫీసులో కరపత్రాలు ఇవ్వాలి, నోరు తెరవకపోతే ప్రభువు గురించి సిగ్గుపడినట్టే అంటారు. ఇంటికొస్తే నాన్న, అమ్మా రోజులు బాగోలేవు, నీ పని నువ్వు చూసుకో, ఎవరితోనూ మతం మాటలు ఎత్తకు అంటారు. ఇద్దరూ నా మేలు కోరే చెబుతున్నారు, కానీ ఇద్దరిలో ఎవరి మాట విన్నా నాకు సగమే అనిపిస్తుంది.

ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. పొట్టు తీసే ఆడవాళ్ళకి కేజీ లెక్కన కూలి. బోర్మాలో, అంటే వేడికి ఆరబెట్టే గదిలో, ఆరిన జీడిపప్పు గుళ్ళు ముందేసుకుని పొద్దున్నించి వంగి కూర్చుని చాకుతో పొట్టు గీకుతారు, సాయంత్రం కాటా మీద పెడతారు. కాటాలో 8 కేజీల 430 గ్రాములు అని ఎర్రగా కనబడుతుంది, చీటీ మీద మాత్రం 8 అని పడుతుంది. ఎవరిదైనా కిందకే. సూపర్‌వైజర్ అన్నయ్య దుర్మార్గుడేం కాదు, ముందు నుంచీ అలాగే రాస్తున్నారట, ఆయనా అలాగే రాస్తున్నారు. ఆ చీటీలు నా టేబుల్ మీదకి వస్తాయి, వారం కూలి లెక్క కట్టేది నేను. దీని గురించి మాట్లాడాలా వద్దా, మాట్లాడితే ఎలాగ?

రెండోది, వినాయక చవితికి, దసరాకి మిషన్ల పూజకి ప్రసాదం పంచుతారు. నేను తీసుకోను. పెద్దమ్మ వయసున్న ఆవిడ చేతిలో గిన్నె పట్టుకుని నా టేబుల్ దగ్గర నిలబడినప్పుడు ఆవిడ మనసు కష్టపెట్టకుండా ఎలా వద్దనాలో తెలియడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

సోంపేట_మాస్టారు:

అమ్మా, నీ పోస్టు రాత్రే చదివాను, ఫోన్లో టైపు చెయ్యడం నాకు నెమ్మది, అందుకని పొద్దున్న కూర్చున్నాను. నాది సోంపేట, స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను.

మా ఊరి ఆరోగ్యవరం ఆస్పత్రి నీకు తెలిసే ఉంటాది, కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు పెట్టింది. అక్కడ బెన్ గలిసన్ గారని కెనడా డాక్టరు గారు ఉండీవోరు, కళ్ళ ఆపరేషన్లకి ఆయన పెట్టింది పేరు. శుక్లాలొచ్చి చూపు పోయిన బీదాబిక్కీ వచ్చి ఆస్పత్రి దగ్గర పడుండీవోరు, అంతమందికి చెయ్యాలంటే డబ్బు చాలదు కదా. 1963లో కెనడాలో కేల్గరీ అనే ఊళ్ళో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి ఈయన పని గురించి విని చందాలు పోగుచెయ్యడం మొదలుపెట్టారు, అదే పెరిగి పెరిగి ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అయింది, ఇప్పుడు ఆఫ్రికా దేశాల్లో కూడా కళ్ళు బాగుచేస్తోంది. ఇంత పనికీ మూలం మన సోంపేట అని మన పిల్లల్లో చాలామందికి తెలీదు, అది నాకు బాధగా ఉంటాది.

అయితే నేను చెప్పాలనుకున్నది డాక్టరు గారి గురించి కాదు. మా నాయనమ్మకి అక్కడే శుక్లం తీశారు. ఆ రోజుల్లో ఆపరేషన్ అంటే ఇప్పట్లాగ సాయంత్రానికి నల్లద్దాలు పెట్టి ఇంటికి పంపీడం కాదు, రెండు కళ్ళకీ కట్టుకట్టి, తల కదలకుండా రెండు పక్కలా ఇసక మూటలు పెట్టి, వెల్లకిలా రోజుల తరబడి పడుకోబెట్టీవోరు. అన్నీ మంచం మీదే. వార్డులో ఒక నర్సమ్మ, మన తెలుగావిడే, గంజి తెచ్చి స్పూన్‌తో పట్టబోతే మా నాయనమ్మ ముందు ఏటడిగిందో తెలుసా, నువ్వు ఏ కులం పిల్లవి అని. ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. మా నాయనమ్మ నోరు బిగించేసింది. ఆ పిల్ల కోప్పడలేదు, గిన్నె అక్కడ పెట్టీసి బయటికెళ్ళి వరండాలో ఉన్న మా నాన్నని పిలుచుకొచ్చి, నువ్వు పట్టు బాబూ, ఆవిడ ఆకలితో ఉండకూడదు, కట్టు తడవకుండా చూసుకో అని పక్కనే నిలబడి చూపించింది. మంచం మీద పెట్టీ గిన్నె మాత్రం తనే తీసీది, తనే కడిగీది, దానికి కులం అడ్డు రాలేదు కదా అని మా నాన్న తర్వాత ఎన్నోసార్లు అన్నాడు. ఒక రాత్రి నాన్న లేని టైములో నాయనమ్మే అడిగింది, ఏమే పిల్లా దాహమేస్తోంది కాసిన్ని నీళ్ళు పొయ్యవే అని.

మా నాయనమ్మ మతం మారలేదు. కానీ బతికున్నన్నాళ్ళూ ఏటా క్రిస్మస్‌కి తోటలో కొబ్బరికాయలు ఒక బస్తా ఆస్పత్రికి పంపీది. నేను చాలా ఏళ్ళ తర్వాత వేరే దారిన ప్రభువులోకి వచ్చాను, అప్పుడు ఇంట్లో గొడవ అవుతాదని భయపడ్డాను, నాన్న ఒక్కటే మాటన్నాడు, ఆ నర్సమ్మ లాగ ఉండగలిగితే వెళ్ళు అన్నాడు. ఆవిడ పేరు కూడా మాకు తెలీదమ్మా.

కరపత్రాలు తప్పని నేననను. ఆ పిల్ల జేబులో కూడా ఉండే ఉంటాయి. ముందు ఏటి చేసిందో చూడు.

బొబ్బిలి_పాస్టర్:

చెల్లెమ్మా వందనాలు. మాస్టారు గారు రాసింది చదివాక నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, కానీ నువ్వు అడిగినదాన్లో వాక్యానికి సంబంధించిన ముడి ఒకటుంది కాబట్టి అది విప్పుతాను.

మత్తయి 5వ అధ్యాయంలో యేసయ్య, మీ మంచి పనులు మనుషులు చూడాలి, చూసి పరలోకంలో ఉన్న మీ తండ్రిని మహిమపరచాలి అంటాడు. పేజీ తిప్పితే 6వ అధ్యాయం, అదే ప్రసంగం, మనుషులకి కనబడాలని ధర్మకార్యాలు చెయ్యొద్దు, కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియనివ్వొద్దు అంటాడు. చాలామంది ఇక్కడ తికమక పడతారు. నాకు అర్థమైనంతలో తేడా ఎక్కడుందంటే చివరికి పేరు ఎవరికి వచ్చింది అన్న దగ్గరుంది. చూసినవాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటే అది 5, నిన్ను తలుచుకోవాలని నువ్వే ఏర్పాటు చేసుకుంటే అది 6. చలికాలం విజయనగరం స్టేషన్ దగ్గర దుప్పట్లు పంచి, ఆ ముసలాయన సిగ్గుతో తలొంచుకుంటే ఇటు చూడు తాతా అని ఫొటో తీసి స్టేటస్ పెడుతున్నారు మన సంఘాల వాళ్ళు, నాకు గుండె మండుతుంది, ఆ తాతకి కూడా ఒక ఊరుంది, చుట్టాలున్నారు, ఆయన ముఖం మన గ్రూపుల్లో ఎందుకు తిరగాలి? దుప్పటి ఇవ్వండి, ఇంకో రెండు ఎక్కువ ఇవ్వండి, ఫోన్ జేబులో ఉంచండి.

నీ స్టేటస్ సంగతి అంటావా, పెట్టు, నీకు ఆ రోజు ఆదరణ ఇచ్చిన వాక్యం పెట్టుకో, అందులో తప్పేముంది. ఎవరో లెక్క చూసుకుంటారని మాత్రం పెట్టకు.

నన్ను చూసి ఒక్కరికైనా అనిపించిందా అని రాశావు కదా, దాని గురించి ఒక మాట. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అని ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు, బైబిల్ తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు, ఆనందరాయరు అనే చదువుకున్న ఆయన వాళ్ళకి తోడయ్యాడు. క్రాన్ 1809లో పోయాడు, డి గ్రాంజ్ 1810లో పోయాడు. వాళ్ళు కూర్చుని రాసిన సువార్తలు 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయ్యేసరికి ఇద్దరూ లేరు. ఆ పుస్తకం ఒక తెలుగువాడి చేతిలో వాళ్ళు చూడలేదు చెల్లెమ్మా. ఇవాళ శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం పల్లెల్లో ఆదివారం పొద్దున్న తెలుగులో వాక్యం చదువుతున్నారంటే ఆ వరస అక్కణ్ణుంచి వచ్చిందే. నువ్వు ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళయింది? ఫలితం లెక్క నీ టేబుల్ మీదకి రాదు, దాన్ని ఆయనకి వదిలెయ్.

ప్రసాదం గురించి. మొదటి కొరింథీ 8, 10 అధ్యాయాలు కూర్చుని నిదానంగా చదువు. పౌలు గారు రెండు వైపులా మాట్లాడారు. విగ్రహం వట్టిది, తిండి వల్ల దేవుడికి దగ్గరా కాము దూరమూ కాము అన్నారు, ఎవరైనా భోజనానికి పిలిస్తే ఏది పెడితే అది అడక్కుండా తిను అన్నారు, అదే ఇది దేవుళ్ళకి పెట్టింది అని చెప్పి ఇస్తే మాత్రం ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం వద్దను అన్నారు. అందుకే నువ్వు తీసుకోకపోవడం సరైనదే. వద్దనే తీరు మాత్రం నీ చేతిలో ఉంది. కుర్చీలోంచి లే, రెండు చేతులూ జోడించు, పెద్దమ్మా నేను తీసుకోను, ఏమీ అనుకోకండి అను, ఆవిడ ఇంట్లో పిల్లలెలా ఉన్నారో అడుగు. మర్నాడు నువ్వే ఆవిడకి టీ తెచ్చివ్వు.

మందస_కుర్రోడు:

నేను హిందువుని, ఈ గ్రూపులో మా ఫ్రెండ్ యాడ్ చేశాడు, మామూలుగా చదివి ఊరుకుంటాను. కానీ సిస్టర్ అడిగింది మాలాంటి వాళ్ళ గురించే కాబట్టి మా వైపు నుంచి ఒకరు చెప్తే బాగుంటుందని రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

పాస్టర్ గారూ మీరు ప్రసాదం గురించి రాసింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. తీసుకోకపోతే మాకేం బాధ లేదండి. ముఖం చిట్లించి చెయ్యి వెనక్కి లాక్కుంటారు చూడండి, అప్పుడు మా అమ్మ లాంటోళ్ళకి ఏడుపొస్తుంది, ఉపవాసముండి చేసింది కదా పాపం. అలాగే తెల్లారకముందు మైకులో మీ దేవుళ్ళు దయ్యాలు అని వినబడితే ఆ రోజంతా చిరాకే, అది వినేవాడికి మీ దేవుడు మీద ఇష్టం ఎలా కలుగుతుంది చెప్పండి. నాకు తెలిసిన క్రిస్టియన్స్‌లో చాలామంది అలా ఉండరు, ఉన్నవాళ్ళు కొంతమందే, కానీ మైకు వాళ్ళదే కాబట్టి వాళ్ళే వినబడతారు.

ఇప్పుడు ఇంకోటి చెప్తాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చింది కదా, పలాస దగ్గరే తీరం దాటింది, మా ఉద్దానంలో కొబ్బరిచెట్లు జీడిచెట్లు తాతల నాటివి ఒక్క రాత్రిలో నేలమట్టం అయిపోయాయి. కరెంటు స్తంభాలు విరిగిపోయాయి. కరెంటు లేదంటే లైటు లేకపోవడం ఒక్కటే కాదు, మోటారు తిరగదు, మోటారు తిరక్కపోతే నీళ్ళు లేవు, చిన్నపిల్లలున్న ఇళ్ళు, డయాలసిస్ చేయించుకునే వాళ్ళున్న ఇళ్ళు, అందరూ బిందెలు పట్టుకుని తిరగడమే. మా వీధి చివర ఒక చిన్న చర్చి ఉంది, రేకుల షెడ్డు. దానికి మైకు కోసం కొన్న జనరేటర్ ఒకటుంది. ఆ చర్చికి వెళ్ళే ఆటో అన్న, షెడ్డు రేకులు లేచిపోయి వాళ్ళిల్లు కూడా సగం కూలిపోయింది, అయినా ఆ జనరేటర్‌ని తోపుడు బండి మీద ఎక్కించి వీధి వీధి తిప్పాడు. ఒక్కో బోరు దగ్గర ఆపి మోటారుకి వైరు తగిలించి ఆ వీధి వాళ్ళందరి డ్రమ్ములూ నిండేదాకా నిలబడీవాడు. అమ్మవారి గుడి దగ్గర బోరే మా దగ్గర పెద్ద బోరు, అక్కడికీ తీసుకెళ్ళి తిప్పాడు. డీజిల్ డబ్బులు ఇస్తామంటే ఇచ్చినవాళ్ళ దగ్గర తీసుకున్నాడు, లేనివాళ్ళని అడగలేదు. ఎక్కడా ప్రార్థన చేస్తాను రండి అనలేదు, ప్రభువు మిమ్మల్ని కాపాడాడు అని కూడా అనలేదు.

మా మావయ్యకి కిడ్నీలు పాడయ్యాయి, ఉద్దానంలో ఇది ఇంటింటి బాధ, మీకు తెలిసిందే. వారానికి రెండు సార్లు పలాస తీసుకెళ్ళాలి, మిషన్ మీద నాలుగు గంటలు. ఆ ఆటో అన్నే తీసుకెళ్తాడు ఇప్పటికీ, వెయిటింగ్ చార్జీ తీసుకోడు, మావయ్యకి బయటికొచ్చాక కళ్ళు తిరుగుతాయని చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతాడు. మా అత్త ఒకసారి అడిగింది, మీ చర్చిలో అందరూ ఇలాగే ఉంటారా బాబూ అని. ఆయన ఏమన్నాడో నాకు తెలీదు, వాళ్ళిద్దరూ ఆటోలో మాట్లాడుకున్నారు, కానీ మా అత్త ఆ తర్వాత క్రిస్మస్‌కి వాళ్ళ షెడ్డుకెళ్ళి చివర్లో కూర్చుని వచ్చింది. మావయ్య కూడా ఏమీ అనలేదు.

సిస్టర్, మీ కాటా సంగతి చదివాక అనిపించింది, మా ఊరి ఆడోళ్ళు ఎంతమందో ఆ ఫ్యాక్టరీలకే వస్తారు. మీరు దాని గురించి మాట్లాడితే అదే పెద్ద స్టేటస్.

సాలూరు_అక్క:

ఇక్కడ అందరూ పని గురించే రాస్తున్నారు, బాగుంది, నేను కొంచెం వేరేగా చెబుతాను, చెల్లీ ఏమీ అనుకోకు. మాట్లాడకుండా బతికితే చాలు అనే మాటలో ఒక ప్రమాదం ఉంది. చాలామందికి అది భయం దాచుకోవడానికి మంచి చాటు. మనం మంచిగా ఉంటే, ఆ అమ్మాయి మంచిది అంటారు, అంతటితో అయిపోతుంది. ఎందుకు మంచిగా ఉన్నామో చెప్పాల్సిన రోజు కూడా ఒకటి వస్తుంది.

మా సాలూరులో ఫిలడెల్ఫియా లెప్రసీ హాస్పిటల్ ఉంది, మీలో చాలామందికి తెలుసు. నేను వేరే చోట కుష్ఠు వచ్చి తగ్గినవాళ్ళ మధ్య కొన్నాళ్ళు పని చేశాను. ఇప్పుడు ఆ జబ్బుకి మందుంది, 1981 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన మూడు మందుల కోర్సు, ఆరు నెలలో ఏడాదో వాడితే తగ్గిపోతుంది, ఫ్రీగానే ఇస్తారు. తగ్గాక కూడా కాళ్ళలో స్పర్శ రానివాళ్ళుంటారు. మేకు గుచ్చుకున్నా తెలీదు, చెప్పులోకి రాయి దూరినా తెలీదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. అందుకని రోజూ కాళ్ళు నీళ్ళలో నానబెట్టాలి, గట్టిపడిన చర్మం మెల్లగా గీకాలి, నూనె రాయాలి. ఒక ముసలమ్మకి అలా పాదం పట్టుకుని నూనె రాస్తుంటే ఆవిడ ఉన్నట్టుండి, నా కొడుకు కూడా ముట్టుకోడు నువ్వెందుకు ముట్టుకుంటున్నావు అంది. అప్పుడు నేను, ఇది నా డ్యూటీ అమ్మా అని ఊరుకుంటే అది అబద్ధం. జీతం కోసం గిన్నెలో నీళ్ళు పోస్తారు గానీ పుండు దగ్గర అంతసేపు కూర్చోరు. యేసయ్య కుష్ఠు రోగిని చెయ్యి చాపి ముట్టుకున్నాడు అమ్మా, ఆయన నాకు దేవుడు, అందుకని అన్నాను. అంతే, రెండు ముక్కలు. ఆవిడ ఇంకా అడిగింది, ఇంకా చెప్పాను. మొదటి పేతురు 3వ అధ్యాయంలో కూడా అదే కదా, నీ నిరీక్షణ గురించి అడిగినవాడికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండు, సాత్వికంగా చెప్పు. అడిగేలాగ బతకాలి, అడిగినప్పుడు నోరు తెరవాలి.

గ్లాడిస్ స్టెయిన్స్ గారిని తలుచుకో. మనకి పక్కనే ఒడిశా. 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా నుంచి వచ్చి బారిపదలో కుష్ఠు రోగులకి సేవ చేస్తున్న ఆమె భర్త గ్రాహం గారినీ, పదేళ్ళ ఫిలిప్, ఆరేళ్ళ తిమోతీ ఇద్దరు పిల్లల్నీ బండిలో పడుకునుండగా నిప్పుపెట్టి చంపేశారు. ఆమె క్షమించాను అని అందరి ముందు నోటితో చెప్పారు. చెప్పి ఊరుకోలేదు, బారిపదలో ఆ కుష్ఠు రోగుల దగ్గరే కూతురితో ఇంకో ఐదేళ్ళు ఉండిపోయారు, 2005లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె మౌనంగా ఉండి సేవ మాత్రమే చేసుంటే జనం ఆమెది మొండి ధైర్యం అనుకునేవాళ్ళేమో. క్షమించాను అని మాట్లాడి ఆస్ట్రేలియా వెళ్ళిపోయుంటే అది వట్టి మాట అనేవాళ్ళు. రెండూ కలిపి చూసినవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు.

కాబట్టి మీ యూత్ లీడర్ని పూర్తిగా కొట్టిపారెయ్యకు చెల్లీ. ఆయన చెప్పిన పద్ధతి నీ ఆఫీసుకి కుదరకపోవచ్చు, ఆయన కంగారు మాత్రం నిజమైనదే.

రాజాం_కిరాణా:

పెద్ద పెద్ద మాటలు అందరూ చెప్పేశారు, నేను కాటా దగ్గరికొస్తాను. రాజాంలో హోల్‌సేల్ కిరాణా మాది, మా నాన్న దగ్గర్నుంచి తూకం మీదే బతుకు, అందుకని ఈ ఒక్క సంగతి నాకు తెలుసు.

అమ్మా, 430 గ్రాములు అని కాటా చూపిస్తే చీటీ మీద 430 అనే పడాలి, ఇందులో రెండో మాట లేదు. ద్వితీయోపదేశకాండం 25లో నీ సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు రకాల రాళ్ళు ఉండకూడదు అన్నాడు దేవుడు, సామెతలు 11 మొదటి మాటే దొంగ త్రాసు గురించి. దేవుడికి తూకం చిన్న విషయం కాదు. ఒక మనిషికి రోజుకి పావు కేజీ పోయినా వారానికి కేజీన్నర, అంటే ఒక రోజు కూలిలో దగ్గర దగ్గర ఐదో వంతు ఊరికే పోయినట్టు. ఆ డబ్బుతో ఆవిడ ఇంట్లో నూనె ప్యాకెట్ వస్తుంది.

ఎలా మాట్లాడాలి అంటావా. నలుగురిలో అనకు. సూపర్‌వైజర్ని దాటి ముందే ఓనర్ దగ్గరికి వెళ్ళకు, ఆయనకి అవమానం అవుతుంది, మనసులో పెట్టుకుంటాడు. ఒక్కడూ ఉన్నప్పుడు, అన్నయ్యా చీటీలో గ్రాములు కూడా రాయండి, లెక్క కట్టేది నేనే కదా, నాకేం కష్టం కాదు అను. మిషన్లో ఎక్సెల్ ఉంది, గుణించేది అదే. ఒప్పుకోకపోతే వారం మొత్తం తేడా ఎంతొస్తుందో ఒక కాగితం మీద వేసి, ఆయనకి చెప్పే ఓనర్‌కి చూపించు. ఓనర్లకి కూడా ఒక లాభం చెప్పొచ్చు, పొట్టు తీసేవాళ్ళు సీజన్లో పక్క ఫ్యాక్టరీకి పోకుండా ఉండాలంటే తూకం బాగుందన్న పేరు కావాలి. ఇంకోటి, ఆ కాటాకి తూనికలు కొలతల శాఖ వాళ్ళ ముద్ర ఏటా పడాలి, స్టిక్కర్ మీద ఏ సంవత్సరం ఉందో ఒకసారి చూడు.

నేను క్రిస్టియన్ని కాబట్టి చెబుతున్నాను అని మొదలుపెట్టకు. అది వింటే ఆయన నీకేదో మతం పిచ్చి అనుకుని అసలు విషయం వినడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి చూడు లూకా 19లో, యేసయ్య ఇంటికొచ్చాక ఆయన పాట పాడలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో నాలుగింతలు తిరిగిస్తాను అని లెక్క చెప్పాడు. ఊరంతా అది విన్నది.

ఉద్దానం_పిల్ల:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఒక్కొక్కరిదీ మళ్ళీ మళ్ళీ చదివాను. మాస్టారూ, మీ నాయనమ్మ గారి సంగతి మా అమ్మకి చదివి వినిపిస్తే అమ్మ కళ్ళు తుడుచుకుంది.

రాజాం అంకుల్ చెప్పినట్టే చేశాను. మధ్యాహ్నం టీ టైములో సూపర్‌వైజర్ అన్నయ్య ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళి గ్రాములు కూడా రాయమని అడిగాను. మొదట, నీకెందుకమ్మా ఇది అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక అడిగారు. నేను పోయిన వారం చీటీల్లో గుర్తున్నవాళ్ళవి కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు చూశారు. యాభై గ్రాముల లెక్కన రాద్దాంలే, మరీ ఒక్కో గ్రాము రాస్తే లైన్ ఆగిపోతుంది అన్నారు. అంటే 430 ఉంటే 400, 460 ఉంటే 450 పడుతుంది. పూర్తిగా సరికాదు, కానీ ఇంతకుముందు మొత్తం పోయేది. ఓనర్ గారికి ఆయనే చెప్తానన్నారు. కాటా మీద స్టిక్కర్ ఈ సంవత్సరందే ఉంది.

సాయంత్రం చీటీ తీసుకున్న ఒక ఆవిడ దాన్ని పట్టుకుని నా దగ్గరికే వచ్చింది, ఇదేటమ్మా చుక్క పెట్టి రాశారు అని. చెప్పాను. ఎవరు మార్చారు అంది. అన్నయ్య మార్చారు అన్నాను. ఆవిడ నమ్మలేదు, నువ్వే కదా అడిగింది, నీకేటి లాభం అంది. సాలూరు అక్కా, అప్పుడు మీరు రాసింది గుర్తొచ్చింది. మా దేవుడికి తూకం తక్కువైతే ఇష్టం ఉండదు అత్తా, అందుకని అడిగాను అన్నాను. నవ్వి, మీ దేవుడు మంచోడే అని వెళ్ళిపోయింది. నేను ఇంకేమీ అనలేదు. అనాల్సిందా?

సాలూరు_అక్క:

అక్కర్లేదు చెల్లీ, ఆ పూటకి అది చాలు. ఆవిడ మళ్ళీ వస్తే మళ్ళీ చెప్పు. నీ టేబుల్ దగ్గరికి రావచ్చని ఆవిడకి ఇప్పుడు తెలిసింది. పేరు తెలుసుకో, ఇంట్లో ఎవరికైనా బాగోలేదంటే ప్రార్థన చెయ్యమంటావా అత్తా అని అడిగి, సరే అంటేనే చెయ్యి.

మందస_కుర్రోడు:

సూపర్! అలా అడిగి చేస్తే ఎవరూ వద్దనరు సిస్టర్, మా మావయ్య కోసం ఆ అన్న అడిగే చేశాడు.

రాజాం_కిరాణా:

యాభై గ్రాముల దగ్గర ఆగిపోకమ్మా. ఒక నెల పోనీ, లైన్ ఆగట్లేదని ఆయనకే తెలుస్తుంది, అప్పుడు పది గ్రాముల దాకా రాయమని అడుగు. పాత చీటీలు పారెయ్యకు.

బొబ్బిలి_పాస్టర్:

దేవునికి స్తోత్రం. చెల్లెమ్మా, మీ యూత్ లీడర్ దగ్గరికి నువ్వే వెళ్ళి ఇదంతా చెప్పు, ఆయన సంతోషిస్తాడు, కరపత్రాల గురించి అప్పుడు నిదానంగా మాట్లాడుకోవచ్చు. కూడికలో సాక్ష్యం చెప్పమంటే చెప్పు, అయితే ఫ్యాక్టరీ పేరు గానీ ఆ అన్నయ్య పేరు గానీ ఎత్తకు. ఆయన అలవాటు మార్చుకున్నాడు, పదిమందిలో ఆయన పరువు కాపాడే పని కూడా ఇప్పుడు నీదే. మీ నాన్నగారికి నా వందనాలు చెప్పు, ఆయన భయం న్యాయమైనదే, వీలైతే ఒకసారి ఫోన్ చెయ్యమను, నేను మాట్లాడతాను.